వీకెండ్‌లో విశాఖకు దిగాలంటే: సుంకి ఘాటా, అరకు ఘాటా?

శుక్రవారం సాయంత్రం అయ్యేసరికి ఒడిశా కొండల మీద, కోరాపుట్ జిల్లా సునాబెడలో మా తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఒకటే ప్రశ్న: "రేపు ఎటు నుంచి దిగుతున్నారు?" దిగడమంటే కొండ దిగడం. విశాఖలో డాక్టర్ అపాయింట్‌మెంటో, విజయనగరంలో పెళ్ళో, హాస్టల్లో ఉన్న పిల్లాడికి ఆవకాయ డబ్బా ఇచ్చి రావడమో, ఏదో ఒక పని ఉంటుంది. సిమిలిగూడ దగ్గర దారి రెండుగా చీలుతుంది. తిన్నగా వెళ్తే కుందులి, పొట్టంగి మీదుగా సుంకి ఘాట్ దిగి సాలూరు, విజయనగరం. పక్కకు తిరిగితే నందపూర్, పాడువా మీదుగా అరకు, అక్కణ్ణుంచి అనంతగిరి ఘాట్ దిగి ఎస్.కోట, పెందుర్తి. కోరాపుట్ నుంచి లెక్క వేసుకుంటే రెండూ అటూ ఇటుగా 200 కిలోమీటర్లే. అందుకే ఈ తగువు ఎన్నేళ్ళయినా తెగలేదు.

మా ఇంట్లో అమ్మది సుంకి పార్టీ. మేనత్త కొడుకు, మా బావది అరకు పార్టీ. "ఆ లారీల ఎనకాల పొగ పీల్చుకుంటూ ఏటెల్తాం బావా? అరకు మీద ఎల్తే కళ్ళకి సల్లగా ఉంటాది" అంటాడు. పదేళ్ళుగా నేను రెండు వైపులా బండి నడుపుతున్నాను. అరకు అందం గురించి బావతో పేచీ లేదు. పేచీ అంతా ఇంటికి ఎన్ని గంటలకు చేరతామన్న దాని మీదే.

ముందు సుంకి సంగతి. ఇది జాతీయ రహదారి 26. ఒడిశాలో బర్‌గఢ్ దగ్గర మొదలై, బలంగీర్, భవానీపట్నం, కోరాపుట్ దాటుకుని వచ్చి, విజయనగరం అవతల నాతవలస దగ్గర 16వ నంబరు రహదారిలో కలుస్తుంది. పాత డ్రైవర్లు ఇప్పటికీ పాత నంబరుతో "నలభై మూడు" అనే అంటారు. ఛత్తీస్‌గఢ్ నుంచి విశాఖ పోర్టుకు లోడుతో వెళ్ళే లారీలు చాలా వరకు ఈ ఘాటే దిగుతాయి, ఖాళీగానో ఇంకో సరుకుతోనో మళ్ళీ ఇదే ఎక్కుతాయి. సుంకి నుంచి కిందనున్న పి.కోనవలస చెక్‌పోస్టు వరకూ మనం నడపగలిగే స్పీడును ముందున్న లారీ నిర్ణయిస్తుంది. అది ఫస్ట్ గేర్లో ఉంటే మనదీ ఫస్టే.

కిందటేడు నవంబరులో ఒక శనివారం పొద్దున్న దిగుతున్నాం. మలుపు ఇంకా కనిపించనే లేదు, రోడ్డు మీద పచ్చి కొమ్మలు కనిపించాయి. నాలుగు అడుగుల దూరంలో ఇంకో గుత్తి, ఆ తర్వాత వరసగా తలకాయంత రాళ్ళు. ఘాట్‌లో బండి నడిపేవాడికి ఇంతకంటే బోర్డు అక్కర్లేదు: ముందు లారీ ఆగిపోయింది. మలుపులో ఇనుము లోడు లారీ, వెనక చక్రాల కింద దుంగలు, క్లీనర్ కుర్రాడు ఇంకో దుంగ చంకలో పెట్టుకుని కూర్చుని బీడీ తాగుతున్నాడు. డ్రైవర్ లారీ కింద ఉన్నాడు, కాళ్ళు మాత్రం కనబడుతున్నాయి. సాలూరు లారీల ఊరు. బాడీ కట్టేవాళ్ళు, మెకానిక్కులు, స్పేర్ పార్టుల షాపులు అన్నీ అక్కడే. ఫోన్ కొట్టిన అరగంటకు ఒకాయన సంచిలో సామాను వేసుకుని బైక్ మీద ఎక్కి వచ్చేశాడు. లారీ కదిలింది కూడా. కానీ మేం మాత్రం ఇంకో గంట అక్కడే ఉన్నాం. ఎందుకంటే ఈలోగా కార్లవాళ్ళు ఓపిక పట్టలేక కుడి వైపున రెండో వరస వేశారు, కింద నుంచి వచ్చేవాళ్ళూ అదే పని చేశారు. రెండు వరసలూ ముక్కూ ముక్కూ రాసుకుని నిలబడ్డాయి. సుంకి జామ్‌లో లారీ పాపం సగమే.

ఈ ఘాట్‌లో నాకు భయమున్నది ఒక్క దానికే. వెనక వచ్చే లారీ నుంచి కాలిన వాసన. కిందికి దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచితే అది వేడెక్కి పట్టు తప్పుతుంది. ఆ వాసన తగిలితే నేను వెడల్పున్న చోట బండి పక్కకు తీసి, ఆ లారీని ముందుకు పంపించేస్తాను. మన కారైనా అంతే, సెకండ్ గేర్లో ఇంజనే బండిని పట్టి ఉంచాలి.

ఇక అరకు. అరకు నుంచి ఘాట్ దిగే రోడ్డు ఇప్పుడు 516ఈ. రాజమహేంద్రవరం దగ్గర మొదలై, రంపచోడవరం, చింతపల్లి, లంబసింగి, పాడేరు, అరకు, బొడ్డవర మీదుగా విజయనగరం వచ్చే జాతీయ రహదారి ఇది. వెడల్పు పనులంటూ కొండను కొట్టినచోటల్లా కథ మారిపోయింది. చెట్ల వేళ్ళు పట్టి ఉంచిన వాలును కోసేశాక మిగిలేది పచ్చిమట్టి గోడ. వాన పడుతున్నంతసేపూ అది నీళ్ళు తాగుతుంది. ఒక్కోసారి వాన వెలిశాక, ఎండ కాస్తుండగా కూడా ఊడి పడుతుంది. అందుకే "ఈవేళ వాన లేదు కదా" అన్న బావ లెక్క అరకు దారికి పనికిరాదు. నిన్న, మొన్న ఎంత పడిందో చూడాలి.

సెప్టెంబరులో ఒక ఆదివారం ఆ లెక్క నమ్మే నేనూ బయల్దేరాను. విశాఖ నుంచి తిరుగు ప్రయాణం, నీలంగా ఆకాశం. అనంతగిరి ఇంకా చేరకముందే మట్టి జారి రోడ్డు సగం పూడిపోయింది. మిగిలిన సగంలో ఎర్రమట్టి చోడి అంబలిలా జారుగా ఉంది. నా ముందు వ్యాను అందులోకి దిగి, చక్రాలు ఉన్నచోటే తిరుగుతూ లోయ వైపు జానెడు జరిగింది. లోపలున్న ఆడవాళ్ళ కేకలు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. అందరం దిగి తోసి వెనక్కి లాగాం. జేసీబీ వచ్చేసరికి మూడు గంటలు. పనులు జరుగుతున్న చోట మిషన్ పక్కనే ఉంటుందనుకుంటాం, ఆదివారం కాబట్టి డ్రైవర్ ఊరెళ్ళాడట. ఫోన్ చేద్దామంటే ఆ మలుపులో సిగ్నల్ లేదు. సుంకిలో లారీ ఆగితే ఎంతసేపట్లో కదులుతుందో అడగడానికి ఒక మనిషి ఉంటాడు. జారిన కొండను ఎవర్ని అడుగుతాం?

కొత్తవలస–కిరండూల్ రైలు మార్గమూ ఈ కొండల్లోంచే పోతుంది, 58 సొరంగాలు దాటుకుంటూ. కాబట్టి గట్టి వానలకు రోడ్డు పోయిన వారం రైలుకు వెళ్దామన్నా ఒక్కోసారి అదీ ఆగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటి అరకు కాఫీ తోటల్ని కూడా పడగొట్టింది. తీరంలో తుఫాను అంటే మనకు కాదులే అనుకునే కొండమీది వాళ్ళకు అది గుర్తుండాలి.

వాతావరణం చూసేటప్పుడు సరిహద్దులో ఉండేవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. మేం కోరాపుట్ జిల్లా హెచ్చరిక చూసుకుంటాం, అది భువనేశ్వర్ కేంద్రం ఇచ్చేది. కానీ జారే వాలు చాలా వరకు ఆంధ్ర వైపుంది. సుంకి కింది భాగం పార్వతీపురం మన్యం జిల్లా, అనంతగిరి అల్లూరి జిల్లా, వాటికి అమరావతి కేంద్రం చెప్పేది చూడాలి. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే వాతావరణ శాఖ భాషలో భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ. అల్లూరి జిల్లాకు ఆరెంజ్ రంగు హెచ్చరిక కనబడితే రెండు రోజుల దాకా అరకు మాట ఎత్తను. సుంకి అయితే దాని కంటే తక్కువదైన పసుపు హెచ్చరికకి వెళ్తాను, ఆరెంజ్‌కి పని అంత అవసరమా అని ఒకసారి అడుగుతాను.

శీతాకాలంలో వాన బెడద పోయి మంచు వస్తుంది. పొట్టంగిలోనూ ఉంటుంది, పాడువా–అరకు మధ్యా ఉంటుంది, తొమ్మిది దాకా విడవదు. తేడా ఏమిటంటే, సుంకి వైపు ముందు లారీ వెనక లైట్లు పట్టుకుని నెమ్మదిగా పోవచ్చు. అరకు వైపు కొత్తగా వేసిన చోట తెల్లగీత లేక రోడ్డు అంచు ఎక్కడో తెలీదు. హై బీమ్ వేస్తే ఎదురుగా తెల్లగోడే.

దీనికి తోడు టూరిస్టులు. డిసెంబరు, జనవరి శనివారాల్లో పొద్దున్నే విశాఖ కార్లన్నీ అరకు ఎక్కుతాయి, ఆదివారం సాయంత్రం దిగుతాయి. మనం ఎప్పుడూ ఎదురే. హాయి కదా అనిపిస్తుంది, కాదు. ఘాట్‌లో ఎక్కే బండికి దిగేది దారి ఇవ్వాలన్నది రూలు, కాబట్టి శనివారం వాళ్ళకు దారిస్తూ మనం దిగాలి. ఆదివారం మనం ఎక్కుతాం, అప్పుడు వాళ్ళు ఇవ్వాలి. అయితే ఆ రూలు వాళ్ళకెవరూ చెప్పినట్టు లేదు. సుంకరిమెట్ట చెక్క వంతెన దగ్గర, బొర్రా మలుపు దగ్గర రోడ్డు మీదే కార్లు ఆపి ఫోటోలు.

అలాగని అరకును పూర్తిగా కొట్టేయను. ఫిబ్రవరి నుంచి మే దాకా, నాలుగు రోజులుగా వాన లేకపోతే, పగటిపూట, చేతిలో టైమ్ ఉంటే ఆ దారే బాగుంటుంది. లారీలు తక్కువ, పాడువా వైపు జోలాపుట్ నీళ్ళు, అనంతగిరిలో కాఫీ. విశాఖలో పని ఎన్‌ఏడీ జంక్షన్, గాజువాక వైపైతే పెందుర్తి మీదుగా తిన్నగా దిగొచ్చు. ఆరిలోవ ఆసుపత్రులకో, మధురవాడకో అయితే మాత్రం ఆనందపురం మీదుగా వచ్చే సుంకి దారే సులువు, ఊరంతా అడ్డంగా దాటక్కర్లేదు. రాత్రయితే రెండూ వద్దు. తప్పదంటే సుంకి. అక్కడ టైరు పేలితే పావుగంటలో ఒక లారీ అయినా ఆగుతుంది.

లక్ష్మీపూర్, రాయగడ, పార్వతీపురం మీదుగా మూడో దారి ఉంది. రెండు ఘాట్‌లూ మూసుకుంటే తప్ప చుట్టు తిరగడం దండగ. ఎటు వెళ్ళినా పెట్రోలు ఒడిశాలోనే ఫుల్ చేయించండి, ఆంధ్రలో కంటే చవక.

రాయపూర్–విశాఖ ఆరు లేన్ల కొత్త రోడ్డు, 464 కిలోమీటర్లది, సబ్బవరం దాకా పూర్తయితే లారీలు అటు మళ్ళుతాయని అందరి ఆశ. అప్పుడు సుంకి ఘాట్ ఖాళీ అవుతుంది, బావ దగ్గర పొగ వంక కూడా ఉండదు.

మొన్న శుక్రవారం మళ్ళీ ఫోన్ చేశాడు. అమ్మకు కంటి డాక్టర్ దగ్గర పదకొండింటికి టైము. అల్లూరి జిల్లాకు ఆరెంజ్ ఉందని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "సరే, సుంకే కానీ. పొద్దున్న అయిదుకల్లా తయారుగుండండి. లారీలకి ముందు మనం దిగిపోవాల" అన్నాడు. ముందు సీటు అమ్మ అప్పటికే తీసేసుకుంది.