డెల్టాలో పాత స్కార్పియో: కొనే ముందు బండి కింద చూడండి

మహీంద్రా సంస్థ 2002లో స్కార్పియోను విడుదల చేసింది. అప్పటి నుండి ఇప్పటివరకు గోదావరి డెల్టాలో ఆ బండికి గిరాకీ తగ్గింది లేదు. వరిచేల మధ్య పుంతదారుల్లోనూ, చెరువు గట్ల మీదా, ఏటిగట్టు రోడ్ల మీదా తడబడకుండా నడుస్తుంది. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని పెళ్ళికి వెళ్ళవచ్చు. ఏ ఊళ్ళో ఆగిపోయినా విప్పి చూడగల మెకానిక్ దొరుకుతాడు. ఈ సమీక్ష 2.2 లీటర్ల ఎంహాక్ డీజిల్ ఇంజనుతో 2009 నుండి 2014 మధ్యలో వచ్చిన స్కార్పియోల గురించి. సెకండ్ హ్యాండులో మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించేవి ఇవే. 2014 సెప్టెంబరులో వచ్చిన మోడలుకు ఛాసిస్ (బండి బరువంతా మోసే ఇనుప చట్రం) కూడా మారింది కనుక దాని లెక్క వేరు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. 120 హార్స్ పవర్ ఇచ్చే ఈ ఇంజను వేళకు ఆయిలు మార్చుకుంటూ వచ్చినవారి చేతిలో చాలాకాలం మన్నుతుంది. దానికి ఏ లోపం వచ్చినా డబ్బు ఖర్చుతో సరిదిద్దుకోవచ్చు. ఛాసిస్ తుప్పు పట్టి తినేసిన బండిని మాత్రం ఎంత ఖర్చు పెట్టినా మళ్ళీ నమ్మకంగా ఎక్కలేము. మెట్ట ప్రాంతంలో కొనేవారు బానెట్ ఎత్తి మొదలుపెడితే తప్పు లేదు. అమలాపురం, రాజోలు, నరసాపురం, భీమవరం వైపు కొనేవారు మాత్రం బండి కింద నుండే పరీక్ష మొదలుపెట్టాలి.

దీనికి కారణం మన నీళ్ళు, మన గాలి. సముద్రతీర గ్రామాల గాలిలోనే ఉప్పు ఉంటుంది. ఉప్పుటేర్ల నుండి రొయ్యల చెరువులకు తోడే నీరు గట్ల మీదా, రోడ్ల మీదా కారుతూ ఉంటుంది. ఆ బురదలో రోజూ తిరిగే బండికి అడుగుభాగమంతా ఉప్పు పట్టిపోతుంది. స్కార్పియో శరీరం నిచ్చెన ఆకారపు ఛాసిస్ మీద కూర్చుని ఉంటుంది. ఆ ఛాసిస్ పట్టాలు లోపల గుల్లగా ఉండి, నీరు కారిపోవడానికి కింద చిన్న రంధ్రాలు కలిగి ఉంటాయి. ఆ రంధ్రాలు బురదతో మూసుకుపోతే ఉప్పునీరు లోపలే నిలిచిపోయి, పైకి రంగు చెక్కుచెదరకుండా కనిపిస్తున్నా ఇనుము లోపలి నుండి తినేయబడుతుంది. నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య పంటు (వాహనాలను ఏరు దాటించే పడవ) మీద తరచూ దాటిన బండి గురించి కూడా ఇదే అనుమానం పెట్టుకోవాలి. ఆటుపోట్లు తగిలే ఆ రేవుల్లో పంటు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ చక్రాలు ఉప్పుతడిలో మునుగుతాయి.

కాబట్టి బండిని వాటర్ సర్వీసింగ్ చేసే చోట ర్యాంపు ఎక్కించి, చేతిలో టార్చిలైటు, చిన్న సుత్తి పట్టుకుని కిందికి దిగాలి. వెనుక వేలాడే స్టెప్నీని దింపించి, దాని పైనున్న అడ్డపట్టీనీ, వెనుక ఇరుసును పట్టి ఉంచే లింకుల బ్రాకెట్లనూ, బాడీని ఛాసిస్‌కు బిగించే చోట్లనూ సుత్తితో మెల్లగా తడుతూ పోవాలి. గట్టి ఇనుము ఖంగున పలుకుతుంది. పుచ్చిన ఇనుము మొద్దుగా మోగుతుంది. రాజోలు వైపు నేను పరీక్షించిన ఒక బండికి పైన మెరుగు చూస్తే ముచ్చట వేసేది. వెనుక అడ్డపట్టీ దగ్గర వేలు పెట్టి గీరగానే అప్పడాల్లాంటి తుప్పు పొరలు అరచేతిలోకి రాలాయి. వాటి వెనుక పట్టీ మందం సగానికి సగం పోయి ఉంది. ఆ బండి అన్నాళ్ళూ రొయ్యల మేత బస్తాలు మోసిందని అమ్మకందారే తరువాత ఒప్పుకున్నారు.

అడుగుభాగమంతా కొత్తగా నల్లటి కోటింగు కొట్టి ఉంటే సంతోషించవద్దు. తుప్పును శుభ్రం చేసి వేసిన పూత మేలు చేస్తుంది గాని, అమ్మకానికి ముందు రోజు తుప్పు మీదనే పూసినది లోపాన్ని దాచడానికే పనికివస్తుంది. ఛాసిస్ వెంట పోయే బ్రేకు గొట్టాలనూ, డీజిలు ట్యాంకును పట్టి ఉంచే పట్టీలనూ కూడా వేలితో తడిమి చూడాలి. ఛాసిస్‌కు ఎక్కడైనా అతుకుపెట్టిన వెల్డింగు కనబడితే బేరం అక్కడితో ఆపేయడం మంచిది. ఛాసిస్ మీద చెక్కిన నంబరు ఆర్సీలోని నంబరుతో అక్షరం అక్షరం సరిపోవాలి. ఆ చోట గ్రైండరుతో గీసిన ఆనవాళ్ళు ఉండకూడదు.

ఇక వరద. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అప్పుడు మునిగిన బండ్లన్నీ తుక్కుకు పోలేదు; కొన్ని కడిగి, ఆరబెట్టి, సీటు కవర్లు మార్చి మళ్ళీ అమ్మకానికి వచ్చి ఉంటాయని అనుకోవడమే క్షేమం. సీటు బెల్టును చివరి దాకా బయటికి లాగండి. మునిగిన బండిలో బెల్టు చివరి భాగం మీద బురద చార నిలిచిపోతుంది, ఆ చోటును ఎవరూ కడగరు. సీట్లు జరిగే పట్టాల కింద స్క్రూలు తుప్పు పట్టాయేమో, హెడ్‌లైట్ల లోపల ఒండ్రు పొర ఉందేమో, ఫ్యూజుల పెట్టెలోనూ వైర్ల జాయింట్లలోనూ తెల్లటి లేదా ఆకుపచ్చటి పొడి ఉందేమో చూడాలి. మ్యాటు ఎత్తి కింది పరుపును ముక్కు దగ్గర పెట్టుకుంటే, ఎన్ని సెంట్లు కొట్టినా ఆ ముక్కిపోయిన వాసన దాగదు.

ఇంజను పరీక్షకు ఉదయాన్నే వెళ్ళడం ఉత్తమం. మీరు వచ్చేదాకా స్టార్టు చేయవద్దని ముందుగా చెప్పి, చేరగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే చల్లటి ఇంజను చెప్పే నిజాన్ని దాచాలనుకున్నారని అర్థం. స్టార్టు అయ్యాక సైలెన్సరు దగ్గర నిలబడాలి. యాక్సిలరేటరు గట్టిగా తొక్కినప్పుడు కొద్దిగా నల్లపొగ వస్తే ఈ వయసు డీజిలు బండికి క్షమించవచ్చు. ఆగకుండా నీలిపొగ వస్తే ఆయిలు కాలుతోంది. ఇంజను వేడెక్కాక కూడా తెల్లపొగ తీపి వాసనతో వస్తుంటే కూలెంటు (ఇంజనును చల్లబరిచే ద్రవం) లోపలికి పోతోంది. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీస్తే పొగ బుసబుసమని పైకి తన్నకూడదు.

మన నేల బల్లపరుపుగా ఉండటం వల్ల క్లచ్చి లోపం, రేడియేటరు లోపం ఊళ్ళో తిరిగితే బయటపడవు. ఏటిగట్టు ఎక్కుడు మీదో, దిండి దగ్గర చించినాడ వంతెన అప్రోచి మీదో మనుషులను నిండుగా ఎక్కించుకుని మూడో గేరులో తొక్కాలి. ఇంజను మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్చి ప్లేట్లు అరిగినట్టే. ఆ తరువాత 216 నంబరు జాతీయ రహదారి మీద గంటకు 80 కిలోమీటర్ల వేగం దాకా తీసుకెళ్ళి, స్టీరింగు వణుకుతోందో లేదో, బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగుతోందో లేదో గమనించాలి. టైరు మీది నాలుగు అంకెల్లో మొదటి రెండు వారాన్నీ, తరువాతి రెండు సంవత్సరాన్నీ తెలుపుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. గాడి ఎంత లోతుగా ఉన్నా, ఆరేళ్ళు దాటిన టైర్ల ఖరీదు బేరంలో తగ్గించుకోవాలి.

పిల్లలు ఎక్కే బండి కనుక ఎయిర్‌బ్యాగుల విషయం తేలికగా తీసుకోవద్దు. ఈ స్కార్పియోల్లో అవి ఖరీదైన వేరియంట్లకే ఉన్నాయి. వీటి తరువాతి తరం స్కార్పియోనే ఎయిర్‌బ్యాగులు లేని వేరియంటులో, కార్లను ఢీకొట్టించి భద్రతను కొలిచే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షించి 2016లో సున్నా స్టార్లు ఇచ్చింది. ఎయిర్‌బ్యాగులున్న బండికి తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి, కొద్ది క్షణాల్లో ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఎవరో వైరు తీసేసి ఉండవచ్చు.

కాగితాలకు వస్తే, సొంత వాడకపు బండికి రిజిస్ట్రేషను 15 ఏళ్ళే చెల్లుతుంది. 2010లో రిజిస్టరైన బండికి ఆ గడువు 2025లో ముగిసింది కాబట్టి, పునరుద్ధరణ జరిగిందో లేదో ఆర్సీలో చూడాలి. ఇది ఐదేళ్ళకొకసారి చేయించుకోవాలి, ముందుగా ఫిట్‌నెస్ పరీక్షకు నిలబడాలి. ఫైనాన్సు తీరిందని నోటిమాట చాలదు. బ్యాంకు ఇచ్చిన ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఆర్సీలో అప్పు నమోదు తీసేయడానికి కావలసిన ఫారం 35 చేతికి రావాలి. పేరు మార్పుకు ఫారం 29, 30 మీద అమ్మకందారు సంతకాలు ముందే తీసుకోవాలి.

హైదరాబాదు నుండి చౌకగా తెచ్చిన బండికి తెలంగాణ ఎన్ఓసీ ఉండాలి, ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్సు కట్టాలో లేదో ముందే కనుక్కోవాలి. ఢిల్లీ నుండి వచ్చే పాత డీజిలు బండ్ల ధర మరీ తక్కువగా కనబడటానికి, అక్కడ పదేళ్ళు దాటిన డీజిలు వాహనాల మీద 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ విధించిన నిషేధం ఒక కారణం. ఆ చౌకలో ఇక్కడి పన్ను, రిజిస్ట్రేషను ఖర్చు కలిపి చూసుకోవాలి. ఇన్సూరెన్సును కొన్న నాటి నుండి 14 రోజుల్లోగా మీ పేరు మీదికి మార్చుకోండి. పాత యజమాని సంపాదించిన నో క్లెయిం బోనసు (క్లెయిం చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) వారిదే, బండితో పాటు మీకు రాదు కనుక ప్రీమియం ఆ మేరకు పెరుగుతుందని ముందే లెక్క వేసుకోవాలి.