రాజ్‌దూత్ 350 ముందు బ్రేకు: తిట్టిన నోటితోనే మెచ్చుకుంటున్నాను

నల్లగొండ గడియారం సెంటర్‌లో నా పాత రాజ్‌దూత్ 350 మోటారు సైకిలు ఆపితే చాలు, ఎవరో ఒకరు దగ్గరికి వచ్చి ముందు చక్రం వైపు చూస్తారు. "ఇంకా డిస్కు వేయించలేదా?" అంటారు. జపాన్ యమహా ఆర్‌డీ 350కి ముందు డిస్కు ఉండేది, అంటే చక్రం పక్కన తిరిగే పళ్లేన్ని పట్టి ఆపే బ్రేకు. 1983 నుంచి మన దగ్గర అమ్మిన దాని భారతీయ రూపం రాజ్‌దూత్‌కు ఏడంగుళాల డ్రమ్ము వచ్చింది, అంటే చక్రం నడిమి గుండ్రటి డబ్బాను లోపలి నుంచి ఒరుసుకుని ఆపే బ్రేకు. ఆ ఒక్క తేడాతో డ్రమ్ము దండగ అని ఊరంతా తీర్పు చెప్పేసింది. ఆ తీర్పు మీద నాకు చాలాకాలంగా కోపం ఉంది. సరిగ్గా కుదిర్చిన డ్రమ్ముతో కొన్నేళ్లుగా తిరుగుతున్నాను కనుక ఆ కోపానికి హక్కు కూడా ఉందనుకుంటున్నాను.

బండి నా చేతికి వచ్చినప్పుడు బ్రేకు పరిస్థితి ఘోరం. మొదట ఒక దుకాణంలో షూలకు, అంటే డ్రమ్ము లోపలి గోడను ఒరుసుకునే వంపు ముక్కలకు, కొత్త లైనింగ్ (వాటి మీది రాపిడి పొర) వేయించాను. లారీలకు వేసే గట్టి రకం అతికించి ఇచ్చారు. "జీవితాంతం అరగదు" అన్నారు. నిజమే, అరగలేదు. బండి కూడా ఆగలేదు. అంత గట్టి లైనింగ్ బాగా వేడెక్కితే గానీ పట్టదు, ఊళ్లో తిరిగే మోటారు సైకిలు డ్రమ్ముకు అంత వేడి ఎప్పుడొస్తుంది? లీవరు కొయ్యముక్కలా బిగుసుకునేది, చక్రం మాత్రం తన దారిన తాను పోయేది. రెండోసారి మెత్తటి లైనింగే కావాలని పట్టుబట్టి వేయించాను. అది త్వరగా అరుగుతుంది, అరగనివ్వండి.

అసలు పని మిర్యాలగూడలో, లారీ డ్రమ్ములు కోసే లేతు దగ్గర జరిగింది. నేను హబ్ (డ్రమ్ము ఉండే చక్రం నడిమి భాగం) ఒక్కటే సంచిలో వేసుకుని వెళ్లాను. మేస్త్రీ దాన్ని చేత్తో కూడా ముట్టుకోలేదు. "స్పోకులు బిగించి, రిమ్ము లాగించి, చక్రం మొత్తం తీసుకురండి సారూ. ఇప్పుడు కోసి ఇస్తే రేపు స్పోకులు లాగినప్పుడు మళ్లీ వంకర పోతుంది" అన్నాడు. స్పోకుల లాగుడుకు హబ్ సన్నగానైనా ఆకారం మారుతుంది. గుండ్రంగా కోసిన డ్రమ్ము ఆ లాగుడుకు కోడిగుడ్డయితే, బ్రేకు నొక్కినప్పుడల్లా లీవరు వేళ్ల కింద కొట్టుకుంటుంది. పద్దెనిమిది అంగుళాల చక్రాన్ని మొత్తంగా పట్టే లేతు ప్రతి చోటా ఉండదు. ధాన్యం లారీల పుణ్యమా అని మిర్యాలగూడలో దొరికింది. గీతలు పోయేంతవరకే కోశాడు, అంతకు మించి కోయనన్నాడు. డ్రమ్ము పలచబడితే మళ్లీ దొరికే సరుకు కాదు కదా.

కోశాక డ్రమ్ము లోపలి వ్యాసం కొంచెం పెరుగుతుంది. షూ వంపు పాతదే. అందుకని లైనింగ్‌ను డ్రమ్ముకు తగ్గట్టు అరగదీయాలి. ఇది ఇంట్లోనే చేశాను. లైనింగ్ మీద సుద్దముక్క రుద్ది, షూలు ఉండే ప్లేటు బిగించి, లీవరు కొద్దిగా నొక్కి చక్రం తిప్పి, మళ్లీ విప్పి చూడాలి. సుద్ద చెరిగినచోట డ్రమ్ము తగులుతున్నట్టు. మొదట చూసినప్పుడు షూ నడిమిన వేలెడంత మేర మాత్రమే చెరిగింది, మిగతా అంతా తెల్లగా ఉంది. అలాగే వదిలేస్తే బ్రేకు అనుకుని నొక్కేది ఆ వేలెడునే. చెరిగినచోట గరుకు కాగితంతో రుద్దడం, మళ్లీ సుద్ద, మళ్లీ బిగింపు. ఓపిక ఉంటేనే ఈ పనికి దిగండి. పాత లైనింగ్‌లలో ఊపిరితిత్తులకు చేటు చేసే ఆస్‌బెస్టాస్ ఉండేది కాబట్టి డ్రమ్ములోని పాత పొడిని గాలి కొట్టి ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. కొత్తది రుద్దేటప్పుడు కూడా ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

ఇక నా మనసు దోచుకున్నది ప్లేటు మీద ఉండే ఒక చిన్న కడ్డీ. ఈ డ్రమ్ములో షూలు రెండింటికీ విడివిడిగా క్యాములు (షూను డ్రమ్ము మీదికి నెట్టే ముక్కలు), ప్లేటు బయట వాటిని తిప్పే రెండు చిన్న లీవర్లు. రెండు షూలూ ముందు అంచుతోనే డ్రమ్మును అందుకుంటాయి, తిరిగే చక్రమే వాటిని ఇంకా బిగువుగా తన మీదికి లాక్కుంటుంది. డబ్బులిచ్చి కొనలేని బలం అది. అయితే రెండూ ఒకే క్షణంలో తగలాలి. లీవర్లను కలిపే కడ్డీ పొడవు కొంచెం తేడా వచ్చినా ఒక షూ పని చేస్తుంది, రెండోది ఊరికే తోడు కూర్చుంటుంది. నా బండికి ఆ కడ్డీ మర ఎన్నో ఏళ్లుగా తుప్పుపట్టి కదలనే లేదు. అంటే అన్నేళ్లూ దాన్ని ఎవరూ సరిచేయలేదు, అందరూ కేబుల్ బిగించి పంపించారు!

కడ్డీ ఒక చివర పిన్ను తీసి, మొదటి లీవరును షూ తగిలేదాకా చేత్తో నొక్కి పట్టాలి. రెండోది కూడా అలాగే. ఆ స్థితిలో పిన్ను బలవంతం లేకుండా రంధ్రంలో జారేదాకా కడ్డీ మర తిప్పాలి. అంతే. ఆ సాయంత్రం పానగల్లు చెరువు వైపు వెళ్లి బ్రేకు నొక్కాను. ముందు ఫోర్కులు కిందికి కుంగాయి. ఈ బండి మీద ఆ కుంగుడు నేను ఎన్నడూ ఎరుగను. రెండు వేళ్లతో నొక్కితే ఆగుతుందని కనిపించిన వారందరికీ చెప్పాను.

ఇప్పుడు ఆ రెండు వేళ్ల మాటను కొంచెం సవరించుకోవాలి. రెండు వేళ్లు పొడి రోడ్డుకు, ఒంటరి ప్రయాణానికి. వానలో డ్రమ్ములోకి నీళ్లు దూరితే మొదటి నొక్కుడు వృథా. లీవరును కాసేపు మెల్లగా పట్టి ఉంచితే ఆరుతుంది, అప్పుడు ఒక్కసారిగా పట్టేస్తుంది కూడా. ఈ బ్రేకు అసలు గుణం మాత్రం శ్రీశైలం దారిలో తెలిసింది.

డ్యాము గేట్లు ఎత్తారని విని, దేవరకొండ, డిండి మీదుగా బయలుదేరాం. వెనకాల మా బావమరిది. మన్ననూరు చెక్‌పోస్టు దాటి అడవిలో హాయిగా సాగింది. ఈగలపెంట తరువాత దిగుడు మొదలైంది. రెండు స్ట్రోకుల ఇంజను దిగుడులో బండిని పెద్దగా పట్టి ఉంచదు, భారమంతా బ్రేకులదే. కొన్ని మలుపులు దిగేసరికి లైనింగ్ కాలిన వాసన, లీవరు కూడా పిడి దాకా వచ్చేస్తోంది. డ్రమ్ము వేడికి వ్యాకోచించింది. పక్కకు ఆపి, చల్లారాక దిగితే మళ్లీ మామూలైంది. ఇది నేను ఊహించిందే.

ఊహించనిది కృష్ణ మీది వంతెన దాటాక, సున్నిపెంట వైపు ఎక్కుతుంటే జరిగింది. నీళ్లు చూసే జనంతో వాహనాలు బారులు తీరి ఉన్నాయి. ఎత్తులో ఒక బస్సు వెనక ఆగి, రెండు కాళ్లూ కింద పెట్టి, ముందు బ్రేకు గట్టిగా పట్టుకున్నాను.

"బావా, బండి వెనక్కి పోతోంది!"

నాలుగు వేళ్లతో నొక్కినా మెల్లగా జారుతూనే ఉంది. కుడికాలు పైకి తీసి వెనక బ్రేకు తొక్కితే గానీ నిలవలేదు. వెనకున్న కారు హారన్ ఇంకా చెవుల్లో ఉంది. బ్రేకు చెడలేదు, దాని పద్ధతే అది. ముందుకు వెళ్లేటప్పుడు షూలను తన మీదికి లాక్కునే చక్రం, వెనక్కి తిరిగినప్పుడు వాటిని తన నుంచి దూరంగా నెట్టేస్తుంది. ముందుకు వెళ్తున్నప్పుడు ఎంత బలమో వెనక్కి జారుతున్నప్పుడు అంత బలహీనం. ఒక షూ ఇటు, ఒక షూ అటు పనిచేసే పాత తరహా డ్రమ్ము ముందుకు ఇంత బాగా పట్టదు గానీ ఎత్తులో ఇలా చేతులెత్తేయదు. బ్రేకు గురించి నాకు సలహాలిచ్చిన వారిలో ఒక్కరూ ఈ సంగతి చెప్పలేదు. ఇప్పుడు ఎత్తులో ఆగితే ఎడమకాలు కింద, కుడికాలు పెడల్ మీద.

ఇంతకీ డిస్కు వేయించాలా వద్దా? నాకు అక్కర్లేదు. నా తిరుగుడంతా నల్లగొండ, హాలియా, సాగర్ మధ్య, చదునైన రోడ్ల మీద, చాలాసార్లు ఒంటరిగా. బండి దాని అసలు రూపంలో ఉండాలన్న పట్టుదల కూడా ఉంది. వెనక మనిషిని ఎక్కించుకుని తరచూ ఘాట్ రోడ్లు దిగేవారికి, హైవే మీద లారీల మధ్య వేగంగా పోయేవారికి ఇదే మాట నేను చెప్పలేను. మా బావమరిది మాత్రం ఈసారి శ్రీశైలానికి బస్సులో వస్తానంటున్నాడు. డ్రమ్మే ఉంచుకోవాలనుకునేవారు లైనింగ్ మార్పించే ముందు ఆ కడ్డీ మర తిరుగుతోందో లేదో ఒకసారి చూసుకోండి. కిరోసిన్‌లో ఒక రాత్రి నానబెడితే చాలావరకు కదులుతుంది.