జిరాక్సు షాపు ఇంగ్లీషు నోట్సు: సగం దాకా సరే, ఆ తర్వాత పెన్సిలు దగ్గర పెట్టుకోండి

నెల్లూరులో కోచింగ్ సెంటర్ల పక్కనుండే జిరాక్సు షాపుల్లో ఇంగ్లీషు వాక్య భేదాల మీద స్పైరల్ బైండింగ్ నోట్సు ఒకటి అమ్ముతున్నారు. 24 పేజీలు, 60 రూపాయలు. పదో తరగతికీ డీఎస్సీకీ సరిపోతుందని అట్ట మీద వేశారు.

మొదటి సగంలో అసెర్టివ్ (మామూలుగా చెప్పేది), ఇంటరాగేటివ్ (ప్రశ్న), ఇంపెరేటివ్ (ఆజ్ఞ), ఎక్స్‌క్లమేటరీ (ఆశ్చర్యం) ఉన్నాయి. ప్రశ్నల భాగం బాగా కుదిరింది. తెలుగులో 'వచ్చాడు' చివర 'ఆ' చేరిస్తే 'వచ్చాడా' అని ప్రశ్నయిపోతుంది, మాటల వరుస కదలదు. ఆ అలవాటుతోనే 'యూ వెంట్ టు మైపాడు?' అనేస్తాం. దాన్ని దిద్దబోయి 'డిడ్ యూ వెంట్' అంటాం. భూతకాలం డిడ్ మోస్తోంది కాబట్టి వెనక 'గో' చాలు. ఈ ఒక్క పేజీకే 30 రూపాయలు ఇవ్వొచ్చు.

ఆశ్చర్యార్థకం దగ్గర మాత్రం జారారు. 'హౌ హాట్ ఈజ్ ఇట్!' అని అచ్చేశారు. అది ప్రశ్న వరుస. రోహిణి కార్తె ఎండకి ఉస్సురంటూ అనాల్సింది 'హౌ హాట్ ఇట్ ఈజ్!'. గుర్తు మారిస్తే చాలదు, కర్త క్రియకు ముందుండాలి.

అసలు తప్పు రెండో సగంలో ఉంది. సామాన్య, సంయుక్త, సంక్లిష్ట వాక్యాలను సింపుల్, కాంపౌండ్, కాంప్లెక్స్‌లకు జతకట్టి పట్టిక వేశారు. చూడ్డానికి ముచ్చటగా ఉంది, పరీక్షలో ముంచుతుంది. 'రవి అన్నం తిని బడికి పోయాడు' తెలుగులో సంక్లిష్టమే, 'తిని' అసమాపక క్రియ, అంటే వాక్యాన్ని ముగించలేని క్రియ కాబట్టి. దాని కిందే 'హావింగ్ ఈటెన్ రైస్, రవి వెంట్ టు స్కూల్' రాసి కాంప్లెక్స్ అన్నారు. కాదు, సింపుల్. కాలాన్నీ కర్తనూ పట్టుకున్న క్రియ అందులో 'వెంట్' ఒక్కటే. 'ఆఫ్టర్ రవి ఏట్ రైస్, హి వెంట్ టు స్కూల్' అంటే కాంప్లెక్స్: 'ఏట్'కి సొంత కర్త ఉంది, 'ఆఫ్టర్' ఆ ముక్కను రెండోదాని మీద ఆధారపడేలా చేసింది. 'ఆఫ్టర్' తీసేసి మధ్యలో 'అండ్' పెడితే కాంపౌండ్.

పట్టిక కొట్టేసి, ప్రతి వాక్యంలో కాలాన్నీ కర్తనూ పట్టుకున్న పూర్తి క్రియలకు పెన్సిలుతో సున్నా చుట్టండి. ఒక్క సున్నా వస్తే సింపుల్. రెండొస్తే ఆ రెండు ముక్కల్నీ కలిపే మాట చూడాలి, అది మధ్యలో ఉన్నా మొదట్లో ఉన్నా. అండ్, బట్, ఆర్, సో లాంటివైతే కాంపౌండ్; బికాజ్, వెన్, ఇఫ్, ఆల్దో లాంటివైతే కాంప్లెక్స్. 'రవి ఏట్ అండ్ వెంట్' లాంటి ఒకే కర్త వాక్యాన్ని కొన్ని పుస్తకాలు సింపుల్ అంటాయి, కొన్ని కాంపౌండ్ అంటాయి. నోట్సు ఆ జోలికే పోలేదు.

'అయినా... కానీ' అలవాటుతో వచ్చే 'ఆల్దో... బట్' జంటను అభ్యాసాల్లో రెండుచోట్ల వాళ్లే వాడారు. ఏదో ఒకటి కొట్టేయండి.

చివర 40 వాక్యాలిచ్చారు, జవాబుల పేజీ లేదు. దిద్దిపెట్టే టీచరుంటే కొనండి.