"నొప్పి మందుతో సహా అన్నీ ఇంటికే" అంటూ ప్యాకేజీ అమ్ముతున్నారు, విశాఖ వాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి

ఇంట్లో ఆఖరి దశలో పేషెంటు ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను. మా అమ్మ పోయి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. పెద్దకర్మ అయ్యాక రాద్దామని ఆగాను. ఆఖరి దశ పేషెంటుని ఇంటి దగ్గరే చూసుకుంటామని మాకు ప్యాకేజీ అమ్మిన కంపెనీ పేరు పెట్టడం లేదు. ఇప్పటికే ఒకసారి ఫోన్ చేసి "మా పేరు ఎక్కడైనా కనిపిస్తే లీగల్‌గా వెళ్తాం" అన్నారు. అయినా పేరుతో మీకు పనిలేదు, వాళ్లు ఏ మాట చెప్పి అమ్మారో తెలిస్తే చాలు.

అమ్మది అంగిలి క్యాన్సర్. భీమిలి దగ్గర సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి, నలభై ఏళ్లు అడ్డపొగ తాగింది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం ఏమిటో మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో వైద్యం జరిగింది. ఇక చేసేదేమీ లేదు, నొప్పి లేకుండా చూసుకోండి అని చెప్పి, మార్ఫిన్ 10 మిల్లీగ్రాముల మాత్రలు రెండు వారాలకి ఇచ్చి ఇంటికి పంపారు. నాలుగు గంటలకొకటి, రాత్రి పది గంటలకి మాత్రం రెండు, అప్పుడు అర్ధరాత్రి లేపక్కర్లేదు అన్నారు.

మా ఇల్లు మధురవాడ. అంటే ఊరికి ఈ చివర మేం, ఆ చివర ఆసుపత్రి. హనుమంతవాక, ఎన్ఏడీ, గాజువాక దాటుకుంటూ వెళ్లి రావడానికే పూట గడిచిపోతుంది. అలాంటప్పుడు ఎవరైనా "అన్నీ ఇంటికే తెస్తాం" అంటే ఎగిరి ఒప్పుకోమా? ఒప్పుకున్నాం. నెలకి 32,000, మొత్తం అడ్వాన్సు. పగలు 12 గంటలు నర్సు, వారానికోసారి డాక్టరు వీడియో కాల్, మందులు డోర్ డెలివరీ. మార్ఫిన్ సంగతి నేను విడిగా అడిగాను. "నొప్పి మందులతో సహా మొత్తం మేం చూసుకుంటాం సార్, మీరు టెన్షన్ పడకండి" అంది ఫోన్లో అమ్మాయి. ఆ కాల్ రికార్డు చేసుకోకపోవడం నా తప్పు.

శుక్రవారం చీటీ ఫోటో తీసి యాప్‌లో పెట్టాను. ఆర్డర్ కన్ఫర్మ్ అని మెసేజ్. శనివారం "దారిలో ఉంది" అని మెసేజ్. ఆదివారం రాత్రి తొమ్మిదీ నలభైకి కుర్రాడొకడు బండి మీద వచ్చి సంచి ఇచ్చి వెళ్లాడు. విప్పితే డైపర్లు, పారాసిటమాల్, "డ్రెస్సింగ్ కిట్" అని 1,850 రూపాయల పెట్టె, ట్రమడాల్ ఎస్ఆర్ 100 అనే వేరే నొప్పి మాత్రల స్ట్రిప్పు ఒకటి. మార్ఫిన్ లేదు. ఫోన్ చేస్తే, "స్టాకు లేదు సార్, మా డాక్టరు గారు వేరేది రాశారు, రెండూ ఒకటే" అన్నారు.

రెండూ ఒకటి కాదు. మార్ఫిన్‌తో పోలిస్తే ట్రమడాల్ బలం చాలా తక్కువ. రోజుకి 400 మిల్లీగ్రాములు దాటి ఇవ్వకూడదు కూడా, అంటే నొప్పి పెరిగితే డోసు పెంచుకుంటూ పోవడానికి ఉండదు. ఇవన్నీ ఆ రాత్రి నాకు తెలియవు. స్ట్రిప్పులో మిగిలిన ఆఖరి రెండు మార్ఫిన్ మాత్రలూ పదింటికి పొడి చేసి, నీళ్లలో కలిపి స్పూనుతో పట్టాం.

అమ్మకి మాట పోయి నెల దాటింది. నొప్పి వస్తే చేతి గాజుతో మంచం రాడ్డు మీద కొట్టేది. మెల్లగా టక్, టక్ అంటే ఓర్చుకోగలనని, ఆగకుండా కొడితే ఇక నావల్ల కాదని. మా ఇంట్లో నొప్పికి అదే మీటరు. తెల్లవారుజామున నాలుగింటికి మొదలైంది. కంపెనీ నైట్ నంబరుకి చేస్తే, "మింగలేకపోతే ట్రమడాల్ పొడి చేసి ఇచ్చేయండి" అన్నారు. ఇచ్చాను. ఐదింటికి మొత్తం వాంతి చేసుకుంది. నోట్లో పుండు ఉన్న మనిషికి వాంతి అంటే ఎలా ఉంటుందో రాయను. గాజు శబ్దం ఆగలేదు. మా ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని కూచుంది, ఆపడానికి కాదు, గాజు విరిగి గుచ్చుకుంటుందని.

ఆరింటికి ఫైలు పట్టుకుని కారు తీశాను. ఆసుపత్రిలో పేషెంటుని తీసుకురమ్మని పట్టుబట్టలేదు, ఫైలు, ఖాళీ స్ట్రిప్పులు చూసి రాసిచ్చారు. ట్రమడాల్ పొడి చేసి ఇచ్చానని చెప్పగానే డాక్టరమ్మ తల పట్టుకుంది. ఎస్ఆర్ అని ఉన్న మాత్ర మెల్లమెల్లగా ఒంట్లోకి దిగేలా చేసి ఉంటుందట, దాన్ని నలిపితే మందంతా ఒక్కసారే దిగుతుంది. మామూలు మార్ఫిన్ మాత్ర నలపొచ్చు, ఎస్ఆర్ ఏదీ నలపకూడదు. స్ట్రిప్పు మీద ఆ రెండక్షరాలు ఉన్నాయి, నేనే చూడలేదు. కానీ ఫోన్లో చెప్పినవాడు చూడాలి కదా.

పన్నెండూ ఇరవైకి మొదటి డోసు పడింది. ఒంటిగంటకి గాజు ఆగింది.

తర్వాత ఆ డాక్టరమ్మనే అడిగి తెలుసుకున్న సంగతి ఇది, ముఖ్యంగా ఇందుకోసమే రాస్తున్నాను. మార్ఫిన్ 1985 నాటి ఎన్డీపీఎస్ చట్టం, అంటే మత్తు మందుల నియంత్రణ చట్టం కిందికి వస్తుంది. 2014లో ఆ చట్టాన్ని సవరించి, గుర్తింపు ఉన్న వైద్య సంస్థలు మార్ఫిన్ లాంటి ముఖ్యమైన నొప్పి మందులు నిల్వ చేసుకుని రోగులకి ఇచ్చేలా సులువు చేశారు. ఆ గుర్తింపు లేనివాళ్లు ఆన్‌లైన్ ఆర్డర్ తీసుకుని సంచిలో వేసి పంపే మందు కాదది. ఇంకొకటి. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఈ చట్టం కింద ఉన్న మత్తు మందుల్ని డాక్టరు వీడియో కాల్ మీద రాయకూడదు. అంటే నాకు ప్యాకేజీ అమ్మిన రోజునే, తమ వీడియో డాక్టరు మార్ఫిన్ రాయలేడని, తమ కుర్రాడు తేలేడని కంపెనీకి తెలిసి ఉండాలి. "స్టాకు లేదు" అన్నది అబద్ధం కాకపోవచ్చు, వాళ్ల దగ్గర ఎప్పుడూ ఉండదు కాబట్టి.

కాబట్టి "మందులన్నీ" అనే మాట దగ్గర ఆగండి. మార్ఫిన్ ఏ ఆసుపత్రి గుర్తింపు మీద వస్తుందో రాసి ఇమ్మనండి. రాత్రి రెండింటికి నొప్పి వస్తే మనిషి వస్తాడా, ఫోనేనా? పూర్తిగా మింగలేని స్థితి వస్తే చర్మం కింద సన్నటి సూదితో మందు ఇవ్వడం వచ్చినవాళ్లు ఉన్నారా? నేను ఈ మూడూ అడిగి ఉంటే 32,000 మిగిలేది, ఆ రాత్రి కూడా.

"నర్సు" గురించి. వచ్చిన పిల్లకి పంతొమ్మిదేళ్లు, శ్రీకాకుళం వైపు. మూడు వారాల ట్రైనింగ్ ఇచ్చి పంపారట. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు, అమ్మకి ఒళ్లు తుడవడం, పక్క మార్చడం మా కంటే శ్రద్ధగా చేసింది. కానీ నర్సు కాదు. "మార్ఫిన్ ఇస్తే తొందరగా పోతారటండీ" అని మా పిన్నితో అంది, పిన్ని భయపడి మధ్యాహ్నం డోసు ఒకటి ఎగ్గొట్టింది. సరైన మోతాదులో ఇస్తే మార్ఫిన్ ప్రాణం తియ్యదు. అది వాడినన్నాళ్లూ విరేచనం మందు కూడా ఇవ్వాలి, కంపెనీ లిస్టులో అదీ లేదు. నర్సు అంటే నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి.

ఆ 1,850 పెట్టెలో దూది, గాజుగుడ్డ, టేపు, సెంటు వాసన వచ్చే స్ప్రే ఒకటి. పుండు వాసనకి స్ప్రే! ఆసుపత్రిలో సిస్టర్ చెప్పింది మెట్రోనిడజోల్ మాత్ర మెత్తగా పొడి చేసి పుండు మీద చల్లమని. స్ట్రిప్పు చాలా చవక. రెండు రోజుల్లో గదిలోకి మనవలు మళ్లీ రావడం మొదలుపెట్టారు. అమ్మకి అది తెలిసింది, కళ్లతోనే నవ్వింది.

తొమ్మిది రోజుల తర్వాత, పొద్దున్న, నొప్పి లేకుండానే పోయింది. ఇంట్లో పోయినప్పుడు డాక్టరు సర్టిఫికెట్ కావాలి, 21 రోజుల్లోపు జీవీఎంసీలో, అంటే విశాఖ నగరపాలక సంస్థలో నమోదు చేయించుకోవాలి. కంపెనీ డాక్టరు "నేను పేషెంటుని నేరుగా చూడలేదు కదండీ" అన్నాడు. ఆ ఒక్కమాట మాత్రం నిజం. మా వీధి చివర క్లినిక్ డాక్టరు గారు వచ్చి చూసి రాసిచ్చారు. మీ దగ్గర ఎవరొస్తారో ముందే అనుకుని పెట్టుకోండి.

రిఫండ్ అడిగితే "ప్యాకేజీ యాక్టివేట్ అయింది, తిరిగివ్వడం కుదరదు" అని మెయిల్. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే అక్కడ ఫీజు లేదు. యాప్ మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు, సంచి మీది బిల్లు, ట్రమడాల్ స్ట్రిప్పు దాచాను. ఇలాంటి ప్యాకేజీలో ఇరుక్కున్నవాళ్లు ఇంకెవరైనా ఉంటే బిల్లులు పారెయ్యకండి, ఫోన్లో ఏం చెప్పారో తేదీ వేసి ఇప్పుడే రాసిపెట్టుకోండి.

మిగిలిన మార్ఫిన్ మాత్రలు పదకొండు. పదమూడో రోజు దాటాక అగనంపూడి వెళ్లి తిరిగిచ్చేశాను. కౌంటర్లో ఆయన ఒక్కొక్కటీ లెక్కపెట్టి, రిజిస్టర్లో రాసుకుని, నాతో సంతకం పెట్టించుకున్నాడు.