ఆయిల్ పెయింటా, అక్రిలిక్కా?

విజయనగరం కోట గోడల మీద సాయంత్రం ఎండ పడ్డప్పుడు ఒక రంగు ఇంకో రంగులోకి ఎక్కడ మారిందో పట్టుకోలేం. అలాంటిది వేయాలంటే మాత్రం నా ఓటు ఆయిల్‌కే. అందులో ఉండే అవిసె నూనె ఆవిరైపోదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా గట్టిపడుతుంది, అందుకే పైపైన ఆరడానికే రోజులు పడుతుంది, ఈలోగా తీరిగ్గా కలుపుకోవచ్చు. చివర్లో బొమ్మ మీద రక్షణగా పూసే వార్నిష్‌కైతే ఇంకా ఓపిక కావాలి, మామూలుగా 6 నుంచి 12 నెలలు ఆగమంటారు.

అక్రిలిక్‌లో నీళ్లు ఆవిరైతే చాలు, పని అయిపోయినట్టే. కానీ మే ఎండల్లో ఫ్యాన్ కింద వేస్తుంటే ప్యాలెట్ మీదే ఎండిపోతుంది, అదో టెన్షన్. పైగా ఆరాక రంగు కాస్త ముదురుతుంది. కళింగపట్నం తీరానికెళ్లి అక్కడికక్కడ బొమ్మ వేసి తెచ్చుకోవాలంటే ఇదే నయం, తడి ఆయిల్ కాన్వాస్ పట్టుకుని శ్రీకాకుళం బస్సెక్కడం ఎందుకొచ్చిన గొడవ చెప్పండి!

ఆయిల్ రంగుల్ని పలచన చేయడానికి టర్పెంటైన్ వాడితే కిటికీలు తీసి ఉంచండి. నూనె గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే అంటుకోవచ్చు, విప్పి ఆరేయండి. రెండూ కావాలంటే కింద అక్రిలిక్, పైన ఆయిల్. తిరగేశారంటే పొర ఊడొచ్చేస్తుంది.