అవుట్‌బ్యాక్‌కి (ఆస్ట్రేలియా లోపలి ఎడారి ప్రాంతాలకి) క్యాంపర్ ట్రైలర్, అంటే కారు వెనక తగిలించుకుని లోపల పడుకునే బండి, అద్దెకి తీసుకునే ముందు ఇది చదవండి, చిన్న పిల్లలున్న వాళ్లు మరీ ముఖ్యంగా

అడిలైడ్‌లో ఉన్న మనవాళ్లందరికీ. నిన్న రాత్రి వాట్సాప్‌లో మళ్లీ అదే పోస్ట్ పడింది, అదే ఫోటో, ఆ ముదురాకుపచ్చ ట్రైలర్, "అవుట్‌బ్యాక్ రెడీ, ఫ్యామిలీస్‌కి బెస్ట్" అని, ఈసారి సెప్టెంబర్ సెలవులకి. పేరు రాయట్లేదు, రాస్తే రేపు ఏమంటాడో తెలీదు, కానీ ప్రతి లాంగ్ వీకెండ్ ముందు ఆ పోస్ట్ పెట్టేదెవరో మీ అందరికీ తెలుసు. మేం ఇంటికొచ్చి నాలుగు రోజులైంది, టైప్ చేస్తుంటే ఇంకా చేతులు వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకుని చదవండి.

టూకీగా చెప్తా. జులై సెలవుల్లో ఆరు రోజుల ట్రిప్, నేను, మా ఆయన, ఆరేళ్ల పెద్దోడు, రెండున్నరేళ్ల చిన్నది. మా ప్రాడో కారు వెనక ఆ ట్రైలరే తగిలించుకుని పోర్ట్ అగస్టా, హాకర్ మీదుగా విల్పీనా పౌండ్ అనే కొండల ప్రాంతం, అక్కడ రెండు రాత్రులు, తర్వాత లీ క్రీక్ దాటి మారీ, అక్కడి నుంచి ఊడ్నడట్టా ట్రాక్ అనే మట్టి రోడ్డు మీద కౌవర్డ్ స్ప్రింగ్స్ దాకా వెళ్లి వెనక్కి రావాలని. మా పెద్దోడికి రైళ్లంటే ప్రాణం, పాత ఘాన్ రైలు ఆ దారినే ఆలిస్ స్ప్రింగ్స్‌కి వెళ్లేది, 1980లో ఆ లైను మూసేశారు, పాత వంతెనలూ స్టేషన్లూ ఇంకా ట్రాక్ పక్కన ఉన్నాయి. వాటిని చూపిద్దామనే అంత దూరం పెట్టుకున్నాం. ఇదంతా ఆ ట్రైలర్ అతనికి ముందే చెప్పా, ఊరి పేర్లతో సహా మెసేజ్ చేశా. "అక్కా మీరేం టెన్షన్ పడకండి, మన పిల్లలే కదా వెళ్లేది, నేను చూసుకోనా, వాటర్ ట్యాంక్ వంద లీటర్లు ఫుల్ చేసి ఇస్తా, ఊడ్నడట్టా దీనికి లెక్కే కాదు" అన్నాడు. ఆ మెసేజ్ ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. అద్దె 780 డాలర్లు, బాండ్ (తిరిగిచ్చే డిపాజిట్) 1,500, రెండూ బ్యాంక్ ట్రాన్స్‌ఫరే చేయమన్నాడు, చేసేశాం. అగ్రిమెంట్ ఏడు పేజీలు, ట్రైలర్ తీసుకునే రోజు పొద్దున, చిన్నది ఏడుస్తుంటే ఫోన్లో పంపాడు. నేను చదవకుండా సంతకం పెట్టా. మనవాడే కదా అనుకున్నా. ఆ తప్పు నాదే.

విల్పీనా బాగానే గడిచింది, దాని గురించి రాసే ఓపిక లేదు.

మారీ దాటాక మట్టి రోడ్డు. రోడ్డంతా అలలు అలలుగా గరుకు, కార్లో గిన్నెలు మోగుతూనే ఉంటాయి. మధ్యాహ్నం మూడు ప్రాంతంలో, మారీ నుంచి అరవై కిలోమీటర్లు వచ్చాక ట్రైలర్ ఎడమ టైర్ పేలింది. సరే, అక్కడ టైర్లు పోతాయని అందరికీ తెలుసు, దానికి ఎవర్నీ అనను. మా ఆయన స్పేర్ తీసి బిగించారు. పదకొండు కిలోమీటర్లు వెళ్లామో లేదో అది కూడా విడిపోయింది, పేలడం కూడా కాదు, పొరలు పొరలుగా ఊడొచ్చింది. దిగి చూస్తే రబ్బరు పక్కలంతా మా నాన్నమ్మ మడమల్లా పగుళ్లు. టైర్ పక్కన ఒక చిన్న కోలగా ఉండే గడిలో నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. దాని మీద 2309 అని ఉంది. అంటే 2009లో 23వ వారంలో తయారైన టైర్. మా పెద్దోడు పుట్టడానికి ఎన్నో ఏళ్ల ముందుది. దాన్ని నల్ల కవర్ తొడిగి, తాడు కట్టి, కొత్తదానిలా ఇచ్చాడు. ఆ కవర్ ఒక్కసారి విప్పి చూసుంటే నాకు అడిలైడ్‌లోనే తెలిసిపోయేది.

చిన్నదానికి డైపర్ మారుద్దామని ట్రైలర్ ట్యాప్ తిప్పా. గ్లాసుడు ఎర్ర నీళ్లు వచ్చి ఆగిపోయింది. మీటర్ మాత్రం ఫుల్ చూపిస్తోంది. మా ఆయన కిందకి దూరి చూస్తే ట్యాంక్ పైపుకి క్లిప్పే లేదు, ఇన్సులేషన్ టేప్ చుట్టి ఉంది, ఆ కుదుపులకి ఊడిపోయి నీళ్లన్నీ దారంతా కారిపోయాయి. అక్కడ మనిషికి రోజుకి కనీసం ఐదు లీటర్లైనా ఉండాలి, ఏదైనా అయితే పది అంటారు. నలుగురం ఉన్నాం, కార్లో ఒక పది లీటర్ల డబ్బా, అది కూడా సగమే. ఫోన్లో ఒక్క గీత సిగ్నల్ లేదు.

అరగంటకి పెద్ద వయసు దంపతులు కారవాన్‌తో వచ్చి ఆగారు. రిటైరయ్యాక దేశమంతా తిరిగేవాళ్లు, గ్రే నోమాడ్స్ అంటారే, వాళ్లు. వాళ్ల స్పేర్ మా ట్రైలర్‌కి పట్టలేదు, కానీ శాటిలైట్ ఫోన్ ఇచ్చారు, ఒక ఇరవై లీటర్ల క్యాన్ దించారు. ఆవిడ మా చిన్నదాన్ని ఎత్తుకుని వాళ్ల కారవాన్‌లోకి తీసుకెళ్లి వేడి పాలిచ్చింది. ఆవిడ మొహం గుర్తొస్తే ఇప్పుడు కూడా కళ్లల్లో నీళ్లొస్తున్నాయి.

ఆ ఫోన్ నుంచి అతనికి చేశా. శాటిలైట్ ఫోన్లో మన మాట వెళ్లి జవాబు రావడానికి ఒక క్షణం పడుతుంది, ఆ ప్రతి క్షణం "అయ్యో అక్కా, పిల్లలెలా ఉన్నారు" అంటాడేమో అని ఎదురు చూశా. రెండు టైర్లూ పోయాయి, ట్యాంక్ ఖాళీ, ట్రైలర్ ఇక్కడే వదిలి పిల్లల్ని తీసుకుని కార్లో మారీ వెళ్లిపోతాం అని చెప్పా. అతని మొదటి మాట "ట్రైలర్ వదిలేసి మాత్రం వెళ్లకండి, ఏమైనా అయితే ఫుల్ వాల్యూ మీ మీదే పడుతుంది" అని. పిల్లలున్నారండి, ఆరింటికల్లా చీకటి పడిపోతుంది, చలి మొదలైంది అన్నా. మళ్లీ ఆ క్షణం. తర్వాత వచ్చింది ఇది: "మేడమ్, యాజ్ పర్ అగ్రిమెంట్ అన్‌సీల్డ్ రోడ్స్ ఆర్ నాట్ కవర్డ్. చిన్న పిల్లల్నేసుకుని అంత దూరం ఎవరెళ్లమన్నారు మిమ్మల్ని?" ఫోన్ పెట్టేశాడు. అన్‌సీల్డ్ అంటే మట్టి రోడ్లు. డబ్బులు పడేదాకా అక్క, ఆ రోజుకి మేడమ్. డబ్బులు తీసుకున్నప్పుడు తెలుగు, పిల్లలు రోడ్డు మీద ఉన్నప్పుడు ఇంగ్లీష్. ఏ ఊరు వెళ్తున్నామో అతనికి అక్షరం అక్షరం తెలుసు, వెళ్లమన్నది అతనే.

నన్ను నేను క్షమించుకోలేనిది ఏంటంటే, ఆ మాటకి భయపడి నలభై నిమిషాలు అక్కడే ఉన్నాం. ఆ ట్రైలర్ పాతిక వేలు అంటాడేమో, ముప్పై వేలు అంటాడేమో అని లెక్కలేసుకుంటూ, పిల్లల్ని ఆ చలిగాలిలో పెట్టుకుని. చివరికి ఆ పెద్దాయనే గట్టిగా అన్నారు, డబ్బులు తర్వాత చూసుకోవచ్చు, ముందు పిల్లల్ని ఎక్కించండి అని. ట్రైలర్‌కి తాళం వేసి బయల్దేరేసరికి చీకటి పడిపోయింది. కంగారూలు, పశువులు అడ్డం వస్తుంటాయి కాబట్టి నలభై స్పీడు దాటలేదు, డెబ్భై కిలోమీటర్లకి దాదాపు రెండు గంటలు. పెద్దోడు వెనక నుంచి "అమ్మా రైలు బ్రిడ్జి రేపు చూస్తామా" అని అడుగుతూనే నిద్రపోయాడు. చూడలేదు. కర్డిమర్కా పాత స్టేషన్ అక్కడికి ఇంకో ముప్పై కిలోమీటర్ల దూరమే ఉంది.

మర్నాడు మారీ నుంచి మనిషిని పంపి ట్రైలర్ తెప్పించడానికి 1,150 డాలర్లు, రెండు టైర్లకి 480 అయ్యాయి. తిరిగొచ్చి అప్పగిస్తే బాండ్ మొత్తం ఉంచేసుకుని, పైగా దుమ్ము క్లీనింగ్, అడుగు భాగం డ్యామేజ్ అని ఇంకో 840 బిల్లు పంపాడు. ట్యాంక్ క్లిప్ గురించి అడిగితే బ్లాక్ చేశాడు.

కన్స్యూమర్ అండ్ బిజినెస్ సర్వీసెస్‌కి, అంటే మన రాష్ట్ర ప్రభుత్వ వినియోగదారుల శాఖకి, కంప్లైంట్ పెట్టాను. ఏ పనికి కావాలో ముందే చెప్పి అద్దెకి తీసుకున్న వస్తువు ఆ పనికి పనికిరావాలని ఆస్ట్రేలియా కన్స్యూమర్ చట్టంలోనే ఉంది, అగ్రిమెంట్‌లో ఏం రాసుకున్నా ఆ హక్కు పోదు. ఇది అడిలైడ్‌లో ఎంతమందికి తెలుసో గానీ నాకైతే ఇంటికొచ్చాకే తెలిసింది.

వెళ్లేవాళ్లు ఎవరి దగ్గర తీసుకున్నా సరే స్పేర్ కవర్ విప్పి ఆ నాలుగంకెలు చూడండి, ట్యాప్ తిప్పి ఒక బకెట్ నీళ్లు పట్టి చూడండి, అగ్రిమెంట్ ముందు రోజే తెప్పించుకుని మట్టి రోడ్డు గురించి ఏం రాశాడో వెతకండి, క్రెడిట్ కార్డ్ మీదే కట్టండి, అప్పుడు కనీసం బ్యాంకుని అడగొచ్చు, ట్రాన్స్‌ఫర్ చేస్తే వెనక్కి రాబట్టుకోవడం చాలా కష్టం. నీళ్లు కార్లోనే విడిగా పెట్టుకోండి, ట్యాంక్‌ని నమ్మకండి. శాటిలైట్ ఫోన్ గానీ పీఎల్‌బీ (ఫోన్ సిగ్నల్ లేకపోయినా శాటిలైట్ ద్వారా సాయం కోరే చిన్న పరికరం) గానీ అద్దెకైనా తీసుకోండి. ట్రైలర్ ఎక్కడైనా చెడిపోతే పిల్లల్ని తీసుకుని వెంటనే వెళ్లిపోండి, ఎవడేమన్నా వినకండి.

సెప్టెంబర్‌కి ఆ ట్రైలరే ఎవరైనా ఇప్పటికే బుక్ చేసుంటే నాకు మెసేజ్ పెట్టండి, టైర్ ఫోటో, మెసేజుల స్క్రీన్‌షాట్లు అన్నీ పంపిస్తా.