‘వేల గేమ్స్ ఒకే బాక్సులో’ అనే ఆర్కేడ్ స్టిక్ కొనబోతున్నారా, కాస్త ఆగండి

పాత ఫైటింగ్ గేమ్స్ మీద ప్రేమతో, రెండు జాయ్‌స్టిక్కులు, రెండు వైపులా బటన్లు ఉండి టీవీకి తగిలించగానే వేల గేమ్స్ ఆడుకోవచ్చని అమ్మే ఆ బాక్సు ఆర్డర్ పెట్టబోతున్నవాళ్లు ముందు ఇది చదవండి, తర్వాత మీ ఇష్టం. నేను కొన్నాను. సెల్లర్ పేరు కావాలనే చెప్పడం లేదు, ఇదే బాక్సు మీద రకరకాల స్టిక్కర్లు వేసి రకరకాల పేర్లతో అమ్ముతున్నారు, ఒక పేరు చెప్తే మిగతావి మంచివే అనుకుంటారు.

ముందు ఆ ‘వేల గేమ్స్’ సంగతి. స్ట్రీట్ ఫైటర్ 2 అని వెతికితే పేజీలకు పేజీలు వచ్చాయి. తీరా చూస్తే అమెరికా వెర్షన్, జపాన్ వెర్షన్, దొంగ వెర్షన్లు, అన్నిటినీ వేరే వేరే గేమ్స్‌గా లెక్కేశారు. అందులో సగానికి పైగా హ్యాక్‌లే, అంటే ఎవరో అసలు గేమ్‌ని మార్చేసినవి, గాల్లో ఉండగా ఫైర్‌బాల్ వేసేవి, మధ్యలో స్టార్ట్ నొక్కితే క్యారెక్టర్ మారిపోయేవి. అవీ సరదాగానే ఉంటాయి, కాదనను, ఒకప్పుడు వాటి మీద కాయిన్లు బాగానే తగలేశాను. కానీ నాకు కావాల్సింది 1991లో వచ్చిన మొదటిది, ఇద్దరూ ర్యూ అనే ఫైటర్‌నే తీసుకుంటాం అంటే ఒప్పుకోని ఆ గేమ్. ఒకే క్యారెక్టర్‌తో ఇద్దరు ఆడటం, నలుగురు బాసుల్ని మనమే ఆడటం 1992 ఛాంపియన్ ఎడిషన్‌తో వచ్చాయి. లిస్టులో మొదటిది అని పేరుంది, తెరిస్తే ఛాంపియన్ ఎడిషన్ హ్యాక్ వచ్చింది.

ఇదంతా సర్దుకుపోవచ్చు. సర్దుకోలేనిది ల్యాగ్, అంటే బటన్ నొక్కాక తెర మీద కదలిక ఆలస్యంగా రావడం. ఈ గేమ్స్ సెకనుకు దాదాపు 60 ఫ్రేమ్స్‌తో నడుస్తాయి, అంటే ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు, చాలా మూవ్‌లకు ఉండే టైమ్ కొద్ది ఫ్రేమ్‌లే. ఎదుటివాడు ఎగిరి మీదికొస్తుంటే ష్యోర్యుకెన్ (పైకెగిరి కొట్టే పంచ్) వేస్తాను, నా ర్యూ ముందు తన్ను తిని ఆ తర్వాత తీరిగ్గా గాల్లోకి లేస్తాడు. టీవీలో గేమ్ మోడ్ ఆన్‌లోనే ఉంది, అదే టీవీకి వేరే కంట్రోలర్ పెడితే ఏ గొడవా లేదు. ఫోన్ స్లో మోషన్‌లో బటన్, తెర రెండూ కనిపించేలా తీస్తే వేలు కిందికి వెళ్లడానికీ తెర మీద చెయ్యి కదలడానికీ మధ్య గ్యాప్ మామూలు కంటికే తెలిసిపోయింది. స్ట్రీట్ ఫైటర్ 3 థర్డ్ స్ట్రైక్ అయితే ఇక చెప్పక్కర్లేదు. ఎదుటివాడి దెబ్బ తగిలే క్షణంలో స్టిక్ ముందుకు తోస్తే ప్యారీ, అంటే దెబ్బ తగలకుండా పక్కకి తోసేయడం, ఆ గేమ్ ప్రాణమంతా అందులోనే ఉంది. 2004లో ఈవో అనే ఫైటింగ్ గేమ్స్ టోర్నమెంట్‌లో డైగో ఉమెహారా ఇక చావు అంచున ఉన్న కెన్‌తో జస్టిన్ వాంగ్ చున్‌లీ సూపర్ తన్నులన్నీ వరసగా ప్యారీ చేసి తిరిగి కొట్టాడు చూడండి, ఆయన్నే తెచ్చి ఈ బాక్సు ముందు కూర్చోబెట్టినా రెండో తన్నుకే పోతాడు.

కంట్రోల్స్ ఇంకో తలనొప్పి. మోర్టల్ కొంబాట్‌లో అసలు క్యాబినెట్ మీద బ్లాక్ బటన్ మధ్యలో, పంచ్‌లు కిక్‌లు దాని చుట్టూ నాలుగు మూలలా ఉంటాయి. ఇక్కడ మూడేసి బటన్లు రెండు వరసలు, బ్లాక్ ఎక్కడో చివర. కింగ్ ఆఫ్ ఫైటర్స్ 98లో (నా లెక్కలో 98ని మించింది ఆ సిరీస్‌లో రాలేదు, తిట్టుకుంటే తిట్టుకోండి) ఎ, బి బటన్లు కలిపి నొక్కితే రోల్, అంటే దొర్లి తప్పించుకోవడం. ఆ రెండింటినీ చెరో చివర పెట్టిన మహానుభావుడు ఆ గేమ్ ఒక్క రౌండ్ కూడా ఆడి ఉండడు. పోనీ మార్చుకుందామంటే ఒక గేమ్‌కి మారిస్తే అన్నిటికీ మారిపోతుంది. స్టిక్‌లో డయాగనల్స్ (మూలలకు తోయడం) సగం సార్లు పడవు, స్టిక్ గుండ్రంగా తిప్పి మూవ్ వేయాల్సిన జాంగీఫ్‌ని ఆడేవాళ్లు ఆశ వదులుకోవచ్చు.

బొమ్మ కూడా సాగదీసి చూపిస్తుంది, అసలు ఆ గేమ్స్ 4:3 తెరకి గీసినవి, మార్చుకునే సెట్టింగ్ ఇవ్వలేదు. స్ట్రీట్ ఫైటర్‌లో సుమో ఫైటర్ హోండా ఎలాగూ లావే కాబట్టి తేడా తెలీదు, మిగతావాళ్లందరూ హోండాలయ్యారు. ‘ఆర్కేడ్ టెక్కెన్ 3’ పెడితే మెమరీ కార్డ్ లేదని మెసేజ్ వచ్చింది, అంటే ప్లేస్టేషన్ వెర్షన్ పడేసి ఆర్కేడ్ అని పేరు పెట్టారు.

రిటర్న్ అడిగితే సెల్లర్ జవాబు: “గేమ్స్ అన్నీ ఓపెన్ అవుతున్నాయి కదా సార్, డిఫెక్ట్ ఏముంది?” తర్వాత రివ్యూ తీసేస్తే కొంత డబ్బు వెనక్కి ఇస్తామన్నారు. నేను తీయలేదు, డబ్బూ రాలేదు.

అయినా కొంటాం అంటే, వచ్చిన రోజే, రిటర్న్ గడువు ఉండగానే స్లో మోషన్ వీడియో తీసి పెట్టుకోండి. బటన్లు గేమ్‌కి ఒక రకంగా మార్చుకోవచ్చా, 4:3 సెట్టింగ్ ఉందా అని ముందే చాట్‌లో అడిగి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఈ బాక్సుల్లో చాలావాటిలో గేమ్స్‌కి లైసెన్సే ఉండదు కాబట్టి అప్‌డేట్, సపోర్ట్ లాంటివి వస్తాయని చూడకండి. నన్నడిగితే ఒక మంచి స్టిక్ విడిగా కొని, కంపెనీలు స్వయంగా వేసిన కలెక్షన్స్ ఆడుకోవడమే మేలు.

ఇదంతా ఎందుకు, పాత ఆర్కేడ్ మెషిన్లలో ఉండే ఒరిజినల్ గేమ్ బోర్డే కొంటాం అనేవాళ్లకి ఒక్క మాట. కాప్‌కామ్ సీపీఎస్-2 బోర్డుల్లో గేమ్‌ని తెరిచే కీ బ్యాటరీ మీద నిలబడి ఉంటుంది, బ్యాటరీ అయిపోతే గేమ్ చచ్చిపోతుంది. మళ్లీ బతికించే పద్ధతులు ఇప్పుడు ఉన్నాయి కానీ ఆ పని తెలిసినవాళ్లు దొరకాలి. బ్యాటరీ ఎప్పుడు మార్చారో అడగండి, చెప్పకపోతే బోర్డు లోపలి ఫోటో అడగండి, అదీ పంపకపోతే వదిలేయండి.